పైసల పిన్ని

సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో ద్వారకానాథ్‌ని ఎరగని తెలుగు ఇల్లు లేదు. ఆయన దానకర్ణుడనో, గొప్ప పాటగాడనో అనుకునేరు, అదేం కాదు. వంతెనలకు లెక్కలు కట్టే ఇంజనీరుగా ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు, అదీ కారణం కాదు. పొద్దున్నే ఏడు కొట్టేసరికి వాట్సాప్ గ్రూపులో "ఈరోజు రేటు" అని ఒక మెసేజి పెడతాడు. డాలరుకి ఎన్ని రూపాయలో, నిన్నటికంటే ఎన్ని పైసలు పెరిగిందో, ఇవాళ పంపాలో ఇంకో రెండు రోజులు ఆగాలో అన్నీ అందులో ఉంటాయి. నూట నలభై ఇళ్ళవాళ్ళు ఆ మెసేజి చూసుకున్నాకే ఇండియాకి డబ్బు పంపుతారు. "అంకుల్, ఇవాళ పంపమంటారా?" అని అడిగినవాళ్ళకి ఆయన చెప్పే మొదటి మాట ఒకటే. ఫీజు మాత్రం కట్టకండి. ఫీజు కట్టినవాడు ఆయన దృష్టిలో మోసపోయినవాడు. అలాంటివాడితో టీ తాగడం కూడా దండగే.

ఆ మహానుభావుడి భార్య లీల. ఈ కథ ఆవిడది. దగ్గర్లోని చైల్డ్‌కేర్‌లో వారానికి మూడు రోజులు వంట చేస్తుంది. ఎవరి జోలికీ పోదు, ఒకరిచేత మాట పడదు. అంతటి మనిషికి మూడేళ్ళుగా సామర్లకోటలో ఒక పేరుంది. పైసల పిన్ని.

ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. లీల అక్క శ్యామసుందరి ఉండేది సామర్లకోటలో. మూడేళ్ళ కిందట ఆమె పెద్దకూతురి పెళ్ళయింది. లీలకి అప్పుడే మోకాలి ఆపరేషనై వాకర్ పట్టుకుని నడుస్తోంది, వెళ్ళలేకపోయింది. మనిషి వెళ్ళకపోతే కానుకైనా ఘనంగా వెళ్ళాలి కదా. లక్షా నూట పదహార్లు అనుకుంది. మన చదివింపు ఎంతైనా కానివ్వండి, చివర నూట పదహారు పడితేనే దానికో అందం. లెక్క ద్వారకానాథ్ వేశాడు. ఆ రోజు టీవీలో డాలరు యాభై నాలుగు రూపాయల అరవై పైసలుంది. లక్షా నూట పదహారుని దాంతో భాగించి, పద్ధెనిమిది వందల ముప్పై నాలుగు డాలర్లు పంపి, ఫీజు సున్నా అని చేతులు దులుపుకున్నాడు.

పెళ్ళినాడు ఇద్దరూ సోఫాలో కూర్చుని లైవ్‌లో చూస్తున్నారు. చదివింపులు మొదలయ్యాయి. మైకు పట్టుకున్నది శ్యామసుందరి మరిది నాగభూషణం. ట్రెజరీలో ముప్పై ఆరేళ్ళు చేసి రిటైరైన మనిషి. కాగితం మీద ఎంతుంటే అంతే చదవాలనీ, పైసా అటూ ఇటూ అయితే కళ్ళు పోతాయనీ నమ్మినవాడు. పెళ్ళికూతురి తండ్రి బ్యాంకు ఖాతాలో ఏం పడిందో అదే రాసుకున్నాడు, అదే చదివాడు. ఆస్ట్రేలియా నుంచి పెళ్ళికూతురి పిన్ని లీలగారు, తొంభై ఏడు వేల పద్ధెనిమిది రూపాయల అరవై పైసలు. ఆ అరవై పైసల దగ్గర కాస్త నొక్కి మరీ చదివాడు. మండపం గొల్లుమంది. చిల్లర జాగ్రత్త బాబూ అని వెనకనుంచి ఎవరో అనడం లైవ్‌లో స్పష్టంగా వినబడింది.

అంతే, అప్పట్నుంచీ లీల పైసల పిన్ని అయిపోయింది. చుట్టాల గ్రూపులో పైసల పిన్ని. పుట్టినరోజు శుభాకాంక్షల్లో పైసల పిన్ని. చివరికి అక్క మనవరాలు, మాటలొచ్చీ రాని పిల్ల, వీడియో కాల్‌లో "పైతల అమ్మమ్మ" అని చప్పట్లు కొట్టింది. లీల కూడా నవ్వేసింది. ఫోను పెట్టేశాక వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ద్వారకానాథ్‌తో చెప్పుకుంటే ఆయన పేపరు మీంచి తల ఎత్తలేదు. మిగతాది ఇండియాలో బ్యాంకు తినేసి ఉంటుందన్నాడు. పేరుదేముంది లీలా, పోనిద్దూ అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ద్వారకానాథ్ ఇరవై రెండేళ్ళుగా అన్నకీ, చెల్లెలికీ, మేనల్లుళ్ళకీ డబ్బు పంపుతూనే ఉన్నాడు. అక్కడ ఎంత ముట్టిందని ఒక్కరినీ అడిగిన పాపాన పోలేదు. ఇచ్చిన చేత్తోనే ఎంత అందిందని అడగడం మర్యాదా? పుచ్చుకున్నవాళ్ళు తక్కువొచ్చిందని చెప్పడం మర్యాదా? ఇటు మర్యాద, అటు మర్యాద. ఈ రెండు మర్యాదల మధ్య ఇంకెవరో హాయిగా బతికారు. నాగభూషణం మైకులో చదివి ఉండకపోతే ఈ జన్మకి బయటపడేది కాదు.

ఇప్పుడు అక్క రెండో కూతురి పెళ్ళి వచ్చింది, మాఘమాసంలో, ఆదివారం పూట. ఈసారీ వెళ్ళే యోగం లేదు. కాన్‌బెర్రా దగ్గర గంగాలిన్‌లో ఉన్న కూతురు పింకీకి నెలలు నిండాయి. ఏ క్షణాన ఫోనొస్తే ఆ క్షణాన కారెక్కాలి. వెళ్ళకపోయినా లీల ఒక్కటే పట్టు పట్టింది. ఈసారి మైకులో లక్షా నూట పదహార్లు అని వినపడి తీరాలి, ఒక పైసా ఎక్కువా వద్దు, ఒక పైసా తక్కువా వద్దు. అదే మైకు, అదే నాగభూషణం, అదే చుట్టాలు. ఆ పేరు అంటుకున్నచోటే ఊడాలి. అదీగాక ఈసారి డబ్బు తన జీతంలోంచి తీసింది కాబట్టి పంపడం కూడా తానే పంపుతానంది.

శుక్రవారం ఆఫ్టర్‌నూన్ డ్యూటీ దిగి, భర్తకి చెప్పకుండా, ఆయన ఎప్పుడూ డబ్బు పంపే కొట్టుకి వెళ్ళింది. అది ఒక ఇండియన్ కిరాణా కొట్టు. వెనకమూల ఒక బల్ల, బల్ల మీద కంప్యూటరు, గోడమీద "ఫీజు సున్నా" అని అరచేతంత అక్షరాలు. బల్ల వెనక కూర్చునే యజమాని పేరు వీరవెంకటసత్యనారాయణ. మంచివాడే. డబ్బు పంపిన ప్రతివాళ్ళకీ ఒక కరివేపాకు కట్ట ఊరికే ఇస్తాడు. సిడ్నీలో కరివేపాకు ఊరికే ఇవ్వడమంటే మాటలు కాదు. ద్వారకానాథ్ ఆ కట్ట పట్టుకుని ఇంటికొచ్చినప్పుడల్లా యుద్ధం గెలిచొచ్చినట్టే నడిచేవాడు.

లీల బల్ల ముందు కూర్చుని, కూరగాయల బండివాడిని అడిగినంత మామూలుగా అడిగింది. "బాబూ, నేను నీకు పదిహేడు వందల యాభై డాలర్లిస్తే మా అక్క చేతిలో ఎంత పడుతుంది?"

సత్యనారాయణ కంప్యూటరులో కొట్టి, తొంభై ఏడు వేల మూడు వందల ఎనభై ఏడున్నర అన్నాడు. లీల తెల్లబోయింది. పొద్దున ద్వారకానాథ్ పెట్టిన రేటు యాభై ఏడు రూపాయల ఇరవై పైసలు. ఆ లెక్కన లక్షా వంద రావాలి కదా అని అడిగింది. అది టీవీ రేటు ఆంటీ, మా రేటు యాభై ఐదు అరవై ఐదు అన్నాడతను, ఏ మాత్రం తొణక్కుండా.

"మరి ఫీజు సున్నా అని రాశావు?"

"ఫీజు సున్నాయే ఆంటీ. మాది రేటులోనే ఉంటుంది. స్లిప్ మీద కూడా రాసే ఇస్తాం, ఎవరూ చూడరు. ఇన్నేళ్ళలో అక్కడ ఎంత పడుతుందని అడిగింది మీరొక్కరే."

అబద్ధం ఆడి ఉంటే తిట్టిపోసేది. నిజం చెప్పినవాడిని ఏమని తిడుతుంది? చీరకి జాకెట్టు ముక్క ఫ్రీ అన్నవాడు ఆ ముక్క ఖరీదు చీరలో కలపకుండా ఉంటాడా? అంగడికి వెళ్ళే ఆడవాళ్ళందరికీ తెలిసిన ముక్క ఇది. వంతెనలు కట్టినాయనకి ఇరవై రెండేళ్ళలో తట్టలేదు. లీల వేళ్ళు మడిచి లెక్క వేసుకుంది. తేడా ఇంచుమించు నలభై ఏడు డాలర్లు. అంటే తమ ఇంట్లో పోపులో వేసుకున్న కరివేపాకు కట్ట ఒక్కొక్కటీ నలభై ఏడు డాలర్లన్నమాట. ఆ రోజు అతను ఇవ్వబోయిన కట్ట ఆవిడ పుచ్చుకోలేదు.

తర్వాత బ్యాంకుకి ఫోను చేసింది. వాళ్ళకి ఫీజూ ఉంది, రేటులో కోతా ఉంది, మధ్యలో ఇంకో బ్యాంకు ఉంటుందట, అదీ దారిలో టోల్‌గేటులా కాస్త తీసుకుంటుందట, ఎంతన్నది ముందుగా చెప్పలేరట. లక్షా నూట పదహార్లు కచ్చితంగా చేరుతుందా అని అడిగితే ఆ అమ్మాయి, అది చెప్పడం కష్టమండి అని ఇంగ్లీషులో చాలా తియ్యగా చెప్పింది. లీల థాంక్స్ చెప్పి పెట్టేసింది.

ఆఖరికి పింకీయే దారి చూపించింది. పొట్టమీద ప్లేటు పెట్టుకుని మామిడిపండు తింటూ వీడియో కాల్‌లో విన్నది అంతా. ఆ పిల్ల పెరిగింది ఇక్కడే, తెలుగు సగం మింగేస్తుంది. "అమ్మా, నువ్వెంత సెండ్ చేస్తున్నావో ఫర్గెట్ ఇట్. పెద్దమ్మకి ఎంత రావాలో అది టైప్ చెయ్యి, దట్స్ ఇట్" అంది. ఒక యాప్ పేరు చెప్పింది, కాల్‌లోనే ఒక్కొక్కటీ చెప్పి ఫోనులో పెట్టించింది. లీల చూపుడువేలితో ఒక్కొక్క అంకే నొక్కి లక్షా నూట పదహారు అని కొట్టింది. రేటు యాభై ఏడు పది, ఫీజు ఆరు డాలర్లు, మీరు కట్టాల్సింది పదిహేడు వందల యాభై తొమ్మిది డాలర్ల ముప్పై నాలుగు సెంట్లు, అక్కడ చేరేది లక్షా నూట పదహారు అని తెరమీద పడింది. ఆ చివరి అంకె చూసేసరికి లీలకి కళ్ళు చెమర్చాయి. ఎంత పోతుందో ముందే చెప్పి తీసుకునేవాడు దొరికాడు, అంతే కదా కావలసింది.

సాయంత్రం ఈ సంగతంతా చెప్పగానే ద్వారకానాథ్‌కి మొదట చెవికెక్కిన మాట ఫీజు. ఇంకేం, చెవులు ఎర్రబడ్డాయి.

"ఆరు డాలర్లు ఫీజు కట్టి పంపుతావా? నా ఇంట్లోంచా? ఇరవై రెండేళ్ళలో ఒక్క సెంటు కట్టలేదు లీలా నేను."

"మీరు కట్టారండీ. మీకు కనపడలేదంతే."

కొట్టులో సత్యనారాయణ స్వయంగా చెప్పాడని చెప్పింది. కరివేపాకు లెక్కా చెప్పింది. ఆయన వింటేనా? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. రేటు అన్నాక పెరుగుతుంది తరుగుతుంది, నువ్వు అడిగింది చెడ్డ రోజు, అదను చూసి పంపడమే విద్య అన్నాడు. ఆ విద్య తనకుందన్నాడు. మాటా మాటా పెరిగి పందెం దాకా వెళ్ళింది. లీల చదివింపు లీల పంపుకోవచ్చు. ఆయన చదివింపు ఆయన వేరే పంపుతాడు, ఆయన పేరు మీద, ఆయన పద్ధతిలో. ఎవరిది సరిగ్గా చేరుతుందో మైకులోనే తేలుతుంది. అక్కకి రెండు లక్షలు, పంట పండిందిలే అనుకుంది లీల. ఆ రాత్రే తనది పంపేసింది. అరగంటలో అందిందని మెసేజి వచ్చింది.

ద్వారకానాథ్ మాత్రం గట్టున కొంగలా కాచుకుని కూర్చున్నాడు. టీవీ చూస్తాడు, ఫోను చూస్తాడు, గ్రూపులో "ఆగండి" అని పెడతాడు. డాలరు ఆ మర్నాడు దిగింది. ఆపైన ఇంకా దిగింది. ఆయన అన్నం సరిగ్గా తినలేదు. ఎనిమిది రోజులకి కిందామీదా పడి మళ్ళీ యాభై ఏడు ఇరవైకి, అంటే బయల్దేరిన చోటికే, వచ్చి చేరింది. ఇంక ఆగితే కొంప మునుగుతుందని లెక్క వేసుకుని, పదిహేడు వందల యాభై ఒక్క డాలర్లు సత్యనారాయణ బల్లమీద పెట్టి, కరివేపాకు కట్ట పట్టుకుని ఇంటికొచ్చాడు. నీకంటే ఎనిమిది డాలర్లు తక్కువలో కొట్టాను లీలా అన్నాడు. ఆ మొహం చూడాల్సిందే.

పెళ్ళి రెండు రోజులుందనగా లీల బట్టలు వాషింగ్ మెషీన్‌లో వేస్తూ ఆయన ప్యాంటు జేబు తడిమింది. నాలుగు మడతలు పెట్టిన స్లిప్ దొరికింది. మడత కూడా విప్పి చూసినట్టు లేదు. పైన లావు అక్షరాల్లో ఫీజు సున్నా. కింద చీమ తలకాయలంత అక్షరాల్లో రేటు యాభై ఐదు అరవై ఐదు. ఆ కింద చేరేది తొంభై ఏడు వేల నాలుగు వందల నలభై మూడు రూపాయల పదిహేను పైసలు.

లీలకి నవ్వాగలేదు. మెషీన్ మీద చెయ్యి వేసుకుని కడుపు పట్టుకుని నవ్వింది. పదిహేను పైసలు! నాగభూషణం ఆ పదిహేను పైసల్ని ఎలా నొక్కి చదువుతాడో, మండపం ఎలా గొల్లుమంటుందో, వెనకనుంచి ఎవడేమంటాడో అన్నీ కళ్ళకి కట్టాయి. తగిన శాస్తి అనుకుంది. మూడేళ్ళ కిందట నన్ను ముంచి, పేరుదేముంది అన్న మనిషి. ఇప్పుడు తెలుస్తుంది పేరుదేముందో.

నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ నవ్వు ఎలా ఉంటుందో ఆవిడకి బాగా తెలుసు, అటువైపు కూర్చుని విన్నది కాబట్టి. పొద్దున్నే ఏడింటికి మెసేజి పెట్టే మనిషి. నలుగురూ వచ్చి అడిగితే వారం రోజులు సంతోషంగా తిరిగే మనిషి. రేటు అంకుల్ అని పిలిస్తే పైకి విసుక్కుని లోపల మురిసిపోయే మనిషి. ఆయన్ని ఊరంతా పైసల బాబాయి అంటే తనకి చల్లగా ఉంటుందా? కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. స్లిప్ అలమర్లో చీరల మడతలో పెట్టింది. ఓ పూటంతా తనని తానే తిట్టుకుంటూ తిరిగింది. తర్వాత ఫోను తీసి రెండు వేల ఆరు వందల డెబ్బై రెండు రూపాయల ఎనభై ఐదు పైసలు అని కొట్టి, ద్వారకానాథ్ తరఫున అని రాసి, పంపేసింది.

పది నిమిషాల్లో శ్యామసుందరి ఫోను. మళ్ళీ ఈ పైసలేమిటే నీ దుంపతెగ అని మొదలుపెట్టింది. పెళ్ళి పనుల్లో గొంతు పోయి బొంగురుగా ఉంది.

"అక్కా, ఒక్క పని చెయ్యి. అదీ, ముందు ఆయన పేరు మీద వచ్చిందీ కలిపి ఒకే చదివింపుగా రాయించు. విడివిడిగా మాత్రం చదివించకు."

అటువైపు అక్క పైకే కూడుతోంది. లక్షా నూట పదహారు తేలాక శ్యామసుందరి మెల్లగా నవ్వింది. "మొగుడి పరువు కొన్నావన్నమాట. ఎంతయిందే?" అంది. ఫీజుతో కలిపి యాభై రెండు డాలర్ల ఎనభై ఒక్క సెంట్లు అని చెప్పింది లీల. చవగ్గానే వచ్చిందిలే అంది అక్క. నాగభూషణం మొదట ఒప్పుకోలేదట. తర్వాత, ఒకే మనిషి పేరున రెండు చెల్లింపులుంటే మొత్తం చదవడం ట్రెజరీ నిబంధనలకి విరుద్ధం కాదని తేల్చుకుని సరేనన్నాడట.

ఆదివారం సాయంత్రం ఐదింటికి ఇద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. ద్వారకానాథ్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. లీల టీవీ సౌండు పెంచింది. తన డబ్బు చేరిందని తెలుసు, అక్క చెప్పింది కూడా. అయినా మైకులో వినేదాకా నమ్మకం లేదు. తలంబ్రాలయ్యాయి, ఫొటోలయ్యాయి, నాగభూషణం కళ్ళజోడు తుడుచుకుని కాగితం విప్పాడు. ఎవరివో నలభై పేర్లు చదివాడు. పెద్ద మేనమామ బంగారు గొలుసు, ఎదురింటివాళ్ళ మిక్సీ. అప్పుడు చదివాడు.

"ఆస్ట్రేలియా నుంచి పెళ్ళికూతురి పిన్ని లీలగారు, లక్షా నూట పదహార్లు."

ఎవరూ నవ్వలేదు. ఎవరూ నవ్వకపోవడం అంత బాగుంటుందని లీలకి అప్పటిదాకా తెలియదు. గుండెలమీంచి రాయి దించినట్టయింది. ఆ వెంటనే బాబాయి ద్వారకానాథ్‌గారు లక్షా నూట పదహార్లు అని కూడా చదివాడు. ఈయన సోఫాలోంచి లేచి నిలబడ్డాడు.

"చూశావా! సున్నా ఫీజు! పైసా తేడా లేదు! అదను చూసి పంపాలన్నానా లేదా?"

లీల ఊరుకుందామనుకుంది. నిజంగానే అనుకుంది. తన పేరు తనకొచ్చేసింది, ఆయన సంబరం ఆయన్ని పడనిద్దాం, ఏం పోయింది? కానీ ఆయన అప్పటికే ఫోను తీసి గ్రూపులో కొడుతున్నాడు. పైకి చదువుకుంటూ మరీ కొడుతున్నాడు. ఫీజు కట్టవద్దని నేను చెప్పేది ఎందుకో ఇవాళ మా ఇంట్లోనే రుజువైంది అని. నూట నలభై ఇళ్ళు. రెక్కలు ముక్కలు చేసుకుని, అద్దెలు కట్టుకుని, మిగిలింది పంపే పిల్లలు. రేపు పొద్దున అందరూ వెళ్ళి ఆ బల్లముందు నిలబడతారు.

లీల లేచి వెళ్ళి చీరల మడతలోంచి స్లిప్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. కళ్ళజోడు కూడా తెచ్చి ఇచ్చింది. చిన్న అక్షరాలు చదవండి అంది. ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. ఫోనులో కొట్టిందంతా ఒక్కొక్క అక్షరమే చెరుపుకుంటూ వచ్చాడు.

"మరి మైకులో లక్షా నూట పదహారని..."

"మిగతాది నేను పూడ్చాను."

ఆయన కూర్చున్నాడు. కరివేపాకు కూడా ఇచ్చాడే అన్నాడు. లీలకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఎందుకు పూడ్చావు, పందెం నువ్వు గెలిచేదానివి కదా అని అడిగాడు.

"పేరుదేముంది అన్నారు మీరు. మూడేళ్ళు మోశానండీ. ఎంత బరువో నాకు తెలుసు. మీరు మొయ్యలేరు."

అంతవరకూ కోపం లేకుండానే మాట్లాడింది. ఆ చివరి మాట మాత్రం నొక్కి మరీ అంది. ద్వారకానాథ్ ఆమె మొహంలోకి చూశాడు. ఆ మూడేళ్ళలో కుళాయి చప్పుడు ఆయన వినకపోలేదు, ఎందుకో అడగలేదంతే. టీపాయ్ మీదున్న లీల ఫోను తీసుకుని, తలుపు తోసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. అద్దంలోంచి చూస్తే బట్టలు ఆరేసే స్టాండ్ దగ్గర నిలబడి పింకీతో ఏదో మాట్లాడుతున్నాడు, ఫోను ఒకసారి దూరంగా పెట్టి ఒకసారి దగ్గరగా పెట్టి ఏదో నొక్కుతున్నాడు. అలిగాడేమో, అతిగా అన్నానేమో అని లీలకి బెంగ పట్టుకుంది. టీవీలో పెళ్ళివాళ్ళు భోజనాలకి లేస్తున్నారు.

అప్పుడు మైకు మళ్ళీ గరగరలాడింది. ఒక్క నిమిషం కూర్చోవాలి, ఇప్పుడే ఇంకో చదివింపు అందింది అన్నాడు నాగభూషణం. ఆస్ట్రేలియా నుంచి ద్వారకానాథ్‌గారు మరొక నూట పదహార్లు పంపారట. దాంతోపాటు ఒక మనవి కూడా పంపారట. కళ్ళజోడు సవరించుకుని, ఉన్నది ఉన్నట్టు చదువుతున్నాను అని హెచ్చరించి మరీ చదివాడు.

"మూడేళ్ళ కిందట ఈ మైకులో చదివిన తొంభై ఏడు వేల చిల్లర లీల ఇచ్చింది కాదు. లీల ఇచ్చింది లక్షా నూట పదహారే. మిగతాది దారిలో పోగొట్టినవాణ్ణి నేను. ఆ అరవై పైసలు నావి. ఆ పేరు కూడా నాకే ఇప్పించవలసిందిగా కోరుతున్నాను."

మండపంలో వెనకనుంచి ఎవరో పైసల బాబాయీ అని అరిచారు. ఇంక చూస్కోండి, గొల్లుమంది మండపం. పెళ్ళికూతురు జీలకర్రా బెల్లం ఊడిపడేలా నవ్వుతోంది. శ్యామసుందరి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ నవ్వుతోంది. లీలకి టీవీ మసకమసకగా కనపడింది.

ద్వారకానాథ్ తలుపు తీసుకుని లోపలికొచ్చాడు. ఫోను ఆమె చేతికిచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"చదివాడా?"

"చదివాడు."

"నూట పదహారు రూపాయలంటే రెండు డాలర్లు లీలా. దానికి ఆరు డాలర్లు ఫీజు తీసుకున్నారు."

"కట్టారా?"

"కట్టాను" అన్నాడు ద్వారకానాథ్. "సరిగ్గా చేరింది కదా."

"చేరిందండీ" అంది లీల, సోఫాలో కాస్త పక్కకి జరిగి ఆయనకి చోటిస్తూ.